నేల అందని నీళ్ళు

మా చంటిగాడు నేవీకి సెలెక్టయ్యాడని తెలిసిన ఆదివారం, చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడ్డాను. మేలు జరిగినవాళ్ళు నలుగురి ముందూ లేచి ఆ సంగతి చెప్పి దేవుడికి వందనాలు చెల్లించడం మా సంఘంలో ఆనవాయితీ. అందరూ రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. నేను మైకు పట్టుకుంటే మాత్రం మా ఆయన ఏసుబాబు గోడ గడియారం వైపు చూడటం మొదలుపెడతారు. ఆ రోజూ చూశారు. చూసుకోనీ! కన్నకొడుకు గురించి చెప్పుకోవడానికి కూడా నాకు టైము కొలిచి ఇస్తారా?

"మావాడు కొల్లేట్లో పుట్టాడండీ. నడక రాకముందే ఈత వచ్చినోడు. వాడికి సముద్రం ఒక లెక్కాండీ? పెరట్లోకెళ్ళినట్టు వెళ్ళొస్తాడు" అన్నాను.

అందరూ ఆమేన్ అన్నారు. మా పాస్టరు జేమ్స్ అయ్యగారైతే రెండుసార్లు అన్నారు. నేను కూర్చున్నాక కూడా చాలాసేపు నా మొహం వెలిగిపోతూనే ఉందని పక్కింటావిడ చెప్పింది.

మాది కొల్లేటి లంక. చుట్టూ నీళ్ళు, ఆ నీళ్ళ చుట్టూ చేపల చెరువులు. మా ఆయన ఆ చెరువుల మీద డీజిలు ఇంజన్లు, ఏరేటర్లు బాగుచేస్తారు. ఏరేటర్లంటే చెరువు నీళ్ళలో గాలి కలిపే చక్రాలు. అవి ఆగిపోతే చేపలకు ఊపిరాడదు. అందుకని ఆయనకు పండగా ఉండదు, పబ్బమూ ఉండదు. ఎవరి మోటారు ఆగినా సెల్లు మోగుతుంది, ఆయన పరిగెడతారు. చంటి ఆ గ్రీజు వాసనలోనే పెరిగాడు. బడిలో పేరు బెంజమిన్ గానీ ఆ పేరుతో పిలిస్తే వాడే పలకడు. ఏలూరులో మెకానికల్ డిప్లమో చేశాడు. తర్వాత తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచు స్టెల్లా ఇంట్లో ఉండి, పొద్దున్నే అక్కడి పాత విమానాల రన్‌వే మీద పరుగు తీసి, పగలంతా పరీక్షకు చదివి ఈ ఉద్యోగం తెచ్చుకున్నాడు. "అగ్నివీరేగా, నాలుగేళ్ళేగా" అని దీర్ఘాలు తీసినవాళ్ళున్నారు. "ఆ నాలుగేళ్ళయినా మీ ఇంట్లో ఎవరు చేస్తున్నారో చెప్పండి" అన్నాను. మళ్ళీ నోరెత్తలేదు.

వాడి ఆశంతా ఓడ ఇంజిను మీద. శిక్షణలో మొదటి నెలలు అందరికీ ఒకటేనట. కవాతు, పరుగు, చదువు. చివర్లో కొందరిని ఆయుధాల వైపు, కొందరిని రాడార్ల వైపు, కొందరిని ఇంజన్ల వైపు పంపుతారట. ఇంజిను వైపు వెళ్ళినవాడికి మళ్ళీ వేరే స్కూలు, వేరే చదువు. జీవితాంతం చేతిలో ఉండే పని.

"ఓడ ఇంజిను ఎంతుంటుందిరా?" అని మా ఆయన అడిగారు, వాడు రైలెక్కే ముందు.

"పెద్ద ఓడదైతే మన చర్చంత ఉంటదంట నాన్నా" అన్నాడు వాడు.

ఆయన నోరు వెళ్ళబెట్టారు. రెండు రోజులపాటు ఏ మోటారు విప్పినా "ఇదేం మోటారు, నా మొహం" అని గొణుక్కున్నారు.

వాడి శిక్షణ ఒడిశాలో, చిలికా సరస్సు పక్కన. ఒక సరస్సు పక్క నుంచి ఇంకో సరస్సు పక్కకు వెళ్ళాడు, భయమేముంది అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం కాసేపు ఫోను ఇస్తారు. మొదట్లో బాగానే మాట్లాడాడు. తిండి బాగుందన్నాడు, చేపల కూరలో చింతపండు వెయ్యరన్నాడు, కాళ్ళు నొప్పులన్నాడు. ఆ తర్వాత ఒక ఆదివారం గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఏమైందిరా? ఒంట్లో బాగాలేదా? ఎవరన్నా ఏమన్నా అన్నారా? సరిగ్గా తింటున్నావా లేదా?"

"అమ్మా, కొంచెం చెప్పనీ" అన్నాడు. నేను ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వనని వాడికీ వాళ్ళ నాన్నకీ ఎప్పుడూ ఉన్న ఫిర్యాదే. సరే, నోరు మూసుకున్నాను.

"ఈతకొలను దగ్గరికి తీసుకెళ్ళారమ్మా. ఈతొచ్చినవాళ్ళు పక్కకి రండన్నారు సారు. అందరికన్నా ముందు నేనే వెళ్ళి నిలబడ్డా. ఎక్కడ నేర్చుకున్నావన్నారు. కొల్లేరు సార్, పెద్ద లేకు సార్ అన్నా. అయితే ముందు నువ్వే దూకు అన్నారు. లోతు వైపు నుంచి దూకేశా."

"దూకితే?"

"కాళ్ళు కింద పెట్టానమ్మా. నేల లేదు."

"నేల లేకపోవడమేంట్రా, నీ మొహం! నీళ్ళన్నాక కింద నేలుండదూ?"

"ఉందమ్మా. చాలా కిందుంది."

పొడుగు కర్ర అందించి బయటికి లాగారట. అప్పటికి కొలనులో సగం నీళ్ళు తాగేశాడట. అప్పుడు నాకు వెలిగింది. కొల్లేటి నీళ్ళు ఎండాకాలం మోకాలి లోతు, మామూలప్పుడు నడుం లోతు, వరదొస్తే గుండెల దాకా. దోనె మీద వెళ్ళేటప్పుడు గెడ కర్ర వేస్తే నేల తగులుతుంది. దోనె తిరగబడితే లేచి నిలబడి, దాన్ని తిప్పుకుని మళ్ళీ ఎక్కుతాం. పిల్లలు చేతులు కాళ్ళు కొట్టుకుంటూ కాస్త దూరం పోతారు, ఆయాసమొస్తే నిలబడతారు. దాన్నే మేమంతా ఈత అంటాం. మా తాతలూ అదే అన్నారు. వాడూ పాపం అదే నమ్మాడు.

"ఇప్పుడేమంటారురా?"

"రోజూ పొద్దున్నే వేరే క్లాసు పెట్టారు. అటు చివరిదాకా ఈదాలి, తర్వాత కొంచెంసేపు నీళ్ళ మీద తేలాలి. సారు బాగానే చెబుతున్నారమ్మా, నాకే రావట్లేదు. కాళ్ళు వాటంతటవే నేల కోసం కిందకెళ్ళిపోతన్నాయి. అందకపోతే ఊపిరాగిపోతంది. మా రూములో రాజస్థాన్ అబ్బాయొకడున్నాడు. వాడు ఇన్ని నీళ్ళు చూడటమే ఇక్కడంట. వాడు కూడా పాసైపోయాడమ్మా."

"నువ్వు పాసవకపోతే?"

"బ్యాచ్‌తో బయటికి పంపరంట. వెనక బ్యాచ్‌లో కలుపుతారంట. అప్పుడు ఇంజిను దొరుకుతుందో లేదో ఎవరికి తెలుసమ్మా."

ఫోను పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. రాజస్థాన్ వాడికి వచ్చిన ఈత కొల్లేటి వాడికి రాలేదంటే పరువుంటుందా? "ఈ మాట గుమ్మం దాటిందంటే చూడండి" అని మా ఆయనకు వార్నింగిచ్చాను. పాపం ఆయన ఎవరికి చెబుతారు, ఇంజన్లకా? కానీ అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. వాడు నీళ్ళ కింద కాళ్ళతో వెతుక్కోవడమే కళ్ళ ముందు కనబడింది. పరువు సంగతి తర్వాత, ముందు నా బిడ్డ అక్కడ ఒంటరిగా భయపడుతున్నాడు.

తర్వాతి ఆదివారం ప్రార్థన మనవులు చెప్పే వేళకు లేచి నిలబడ్డాను. మైకు అక్కర్లేదన్నాను.

"చంటి కోసం ప్రార్థన చెయ్యాలండీ" అన్నాను.

"ఏ విషయమై అమ్మా?" అన్నారు అయ్యగారు.

"ఈత విషయమండీ. రావట్లేదంటండీ."

వెనక బెంచీలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే కోపం నషాళానికెక్కింది.

"ఎవరండీ ఆ నవ్వింది? మీకొచ్చా ఈత? వచ్చినోళ్ళు చేతులెత్తండి, చూద్దాం!"

ఆరాధన జరుగుతోందన్న ధ్యాస కూడా లేదు నాకు. చేతులన్నీ లేచాయి. పిల్లలు, ముసలివాళ్ళు, ఆఖరికి అయ్యగారు కూడా ఎత్తారు.

"ఆగండాగండి. నేల అందే నీళ్ళలో కాదండీ. నేల అందని నీళ్ళలో."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక చెయ్యి దిగింది. ఇంకోటి దిగింది. అయ్యగారు కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు మెల్లగా చెయ్యి దించుకున్నారు. మొత్తం లంకలో, పుట్టినప్పటి నుంచీ నీళ్ళలో బతికే ఇంతమందిలో, చివరికి ఒక్క చెయ్యి మిగిలింది. అది అయ్యగారి భార్య ఎలిజబెత్ అమ్మగారిది.

ఆవిడ మా సంఘానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. నెమ్మదస్తురాలు. పాట పాడితే పక్కవాళ్ళకు కూడా వినబడదు. ఈవిడేం చేస్తుందిలే అని నేనొక పక్కన పెట్టేసిన మనిషి. ప్రార్థనయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"మా ఇల్లు కొవ్వూరులో గోదారి రేవు పక్కనేనండీ. చిన్నప్పుడు మా అన్నలతో పాటు నేనూ దూకేదాన్ని" అంది.

"అయితే మీరే మావాడికి ఫోన్లో చెప్పండమ్మగారూ. ఎలా ఈదాలో, ఏం చెయ్యాలో."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఈత నేర్పడానికి అక్కడ సార్లున్నారు కదండీ. నేను నేర్చుకున్నదే లోతు నీళ్ళలో. నేల కోసం వెతుక్కునే కాళ్ళ సంగతి నాకు తెలీదండీ. అది తెలిసినవాళ్ళు నేర్చుకుని చెబితే అబ్బాయికి ఎక్కుతుంది."

"అలాంటివాళ్ళు ఎవరున్నారండీ?"

ఆవిడ నా వైపే చూస్తూ ఊరుకుంది.

"ఏంటమ్మగారూ, అలా చూస్తారేంటి?" అన్నాను. అన్నానే గానీ ఆవిడ ఎందుకు చూస్తోందో నాకు అర్థమైపోయింది.

కొల్లేట్లో లోతు లేదు. లోతున్నది సుబ్బరాజు గారి చేపల చెరువులో. అదృష్టం బాగుండి, అప్పుడే చేపలు పట్టేసి, చెరువు ఎండగట్టి, కొత్త నీళ్ళు పెట్టించారు. చేపపిల్లను ఇంకా వదల్లేదు. మా ఆయన వెళ్ళి విషయం చెబితే ఆయన నమ్మలేదట. స్వయంగా గట్టు మీదికొచ్చి నన్ను చూసి, "నిజమేనా లిడియా?" అన్నారు.

"నిజమేనండీ."

"చేపపిల్ల సీడు వచ్చేదాకా చెరువు నీది. మునిగిపోతే మాత్రం నా పేరు చెప్పకు" అన్నారు.

చీరతో దిగితే కాళ్ళకు చుట్టుకుంటుందని అమ్మగారు చెప్పింది. మా ఆయన పాత ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాను. గట్టు మీద నిలబడి ఆయన నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకున్నారు. "నవ్వండి, నవ్వండి. ఆ ట్యూబు మాత్రం వదలకండి" అన్నాను. లారీ ట్యూబుకు తాడు కట్టి పట్టుకున్నారాయన.

నీళ్ళలో దిగాను. నడుం దాకా నాకు భయం లేదు, అది మా ఊరే. గుండెల దాకా వచ్చాక అమ్మగారు నన్ను ట్యూబుతో నేల అందని చోటికి తీసుకెళ్ళి, నా వీపు కింద చెయ్యి పెట్టి, "వెనక్కి వాలండి, ఆకాశం చూడండి" అంది. వాలాను. కాళ్ళు పైకి లేచాయో లేదో, నా ప్రమేయం లేకుండానే గబుక్కున కిందకు పోయాయి. నేల తగల్లేదు. తల లేపాను, బుడుంగున మునిగాను. ముక్కులోకి, నోట్లోకి, చెవుల్లోకి నీళ్ళు. ట్యూబు పట్టుకుని దగ్గుతూ తిట్టడం మొదలుపెట్టాను. చెరువును తిట్టాను, సుబ్బరాజు గారిని తిట్టాను, నేవీని తిట్టాను, పక్కన పాస్టరు గారి భార్య ఉందని కూడా చూడలేదు. దగ్గు ఆగాక ఏడుపొచ్చింది. ఓరి నాయనా, నా కొడుకు రోజూ పొద్దున్నే పడుతున్నది ఇదా!

"రేపు వద్దులే లిడియా" అన్నారు మా ఆయన.

"రేపెందుకు? ఇప్పుడే" అని మళ్ళీ వాలాను.

ఆ వారమంతా పొద్దున పనులయ్యాక అదే పని. ఎన్నిసార్లు మునిగానో లెక్క లేదు. శుక్రవారమో శనివారమో గుర్తులేదు, బాగా అలిసిపోయి ఉన్నాను. కాళ్ళతో వెతికే ఓపిక కూడా లేదు. పోతే పోనీ అని కాళ్ళను వదిలేశాను. తల ఇంకా వెనక్కి వెళ్ళింది, చెవులు నీళ్ళలో మునిగాయి. పైన ఆకాశం, దానిలో కొంగలు. ఏ చప్పుడూ లేదు. కాసేపటికి అమ్మగారి చెయ్యి నా వీపు కింద లేదని తెలిసింది. ఎప్పుడు తీసేసిందో తెలీదు. నేను నీళ్ళ మీద ఉన్నాను. నలభై ఆరేళ్ళ మనిషిని, ఇంత బరువున్నదాన్ని, చాప మీద పడుకున్నట్టు పడుకుని ఉన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. జీవితంలో మొదటిసారి అంతసేపు నోరు మూసుకుని ఉన్నానని మా ఆయన ఇప్పటికీ అంటారు.

ఆదివారం ఫోను వచ్చింది. మొదటి రింగుకే ఎత్తాను.

"అమ్మా, నీకో మాట చెప్పాలి" అన్నాడు చంటి.

"నీ మాట తర్వాత. ముందు నా మాట విను" అని మొదలుపెట్టాను. చేతులెత్తిన అయ్యగారి గురించి చెప్పాను, వాళ్ళ నాన్న ప్యాంటు గురించి చెప్పాను, సుబ్బరాజు గారి గురించి చెప్పాను. మధ్యలో వాడు "అమ్మా" అన్నాడు. "ఆగరా" అన్నాను. ప్యాంటు దగ్గర వాడికి నవ్వొచ్చింది. చాలా వారాల తర్వాత విన్నాను ఆ నవ్వు.

"నువ్వు నిజంగా తేలావా అమ్మా? నేల అందకుండానా?"

"తేలానురా. ఒట్టు. విను, నీ చేతుల్లో తప్పేం లేదు, ఊపిరిలోనూ లేదు. కాళ్ళు నేల కోసం వెళ్ళేటప్పుడు తల లేస్తుంది చూడు, అక్కడే మునుగుతున్నావు. మనకి పుట్టినకాడి నుంచీ అదే అలవాటు. నేల లేదని భయపడకు. నేల అక్కర్లేదురా. ముందు కాళ్ళని వదిలెయ్, పైన ఆకాశం చూడు, నీళ్ళే మోస్తాయి నిన్ను. ఇంత లావు మీ అమ్మని మోశాయి, నువ్వొక లెక్కా?"

వెనకాల ఎవరో టైమైపోయిందని కేకేయడం వినబడింది.

"ఏదో చెబుతానన్నావుగా?" అన్నాను.

"ఏం లేదులే అమ్మా. ఉంటాను" అని పెట్టేశాడు.

తర్వాతి ఆదివారం తేలగలుగుతున్నానని చెప్పాడు. ఆ తర్వాత సగం దాకా ఈదానన్నాడు. పరీక్ష పెట్టే వారం నాకు ఏ పనీ చేతకాలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, కూరలో రెండుసార్లు ఉప్పేశాను. చెరువులో చేపపిల్ల వదిలేశారు కాబట్టి అక్కడికీ వెళ్ళలేను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఫోను బల్ల మీద పెట్టి, నేనూ మా ఆయనా దానికి చెరో పక్కనా కూర్చున్నాం.

"అమ్మా! పాస్! తేలడం అడిగినదానికన్నా ఎక్కువసేపే తేలాను. సారు ఇక చాలు, లేవరా అన్నారు!"

అమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. మా ఆయన రెండు చేతులూ పైకెత్తి ప్రార్థన కూడా మర్చిపోయి అలాగే ఉండిపోయారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"మరి ఇంజినో?" అన్నారు ఆయన, ఆగి ఆగి.

"ఇంజినే నాన్నా! లిస్టులో పేరొచ్చింది. నన్ను ఇంజిను స్కూలుకి పంపుతున్నారు."

"ఒరేయ్, ఆ ఇంజిను ఓడలో ఎక్కడుంటుందిరా?" అన్నాను నేను.

"అడుగున అమ్మా. నీళ్ళ మట్టానికి కింద."

"కిందా?" అన్నాను. అంతలోనే నవ్వొచ్చింది. "ఉంటే ఉండనీలే. పైకి తేలడం తెలుసుగా నీకు."

వాడూ నవ్వాడు. తర్వాత, "అమ్మా, ఆ రోజు ఒక మాట చెప్పాలన్నాను, గుర్తుందా? నువ్వు చెరువులో తేలానని చెప్పిన రోజు" అన్నాడు.

"గుర్తుంది. ఏం లేదులే అన్నావు."

"వచ్చేస్తానని చెబుదామని ఫోను చేశానమ్మా. నా వల్ల కాదు, ఇంటికొచ్చేస్తానని సారుకి చెప్పే ముందు నీకొక మాట చెబుదామనుకున్నా. బ్యాగు కూడా సర్దేశాను. నువ్వు చెప్పనిస్తేగా."

మా ఆయన నా వైపు చూశారు. ఇన్నేళ్ళుగా చూసిన ఆ గడియారం చూపు కాదు అది. ఆయన చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మా, ఉన్నావా?" అన్నాడు చంటి.

"ఉన్నానురా" అన్నాను. "నువ్వు చెప్పు."

వాడు ఇంజిను గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పిస్టన్లన్నాడు, టర్బైన్లన్నాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కడ టైమైపోయిందని కేకేసేదాకా నేను మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.